లక్నవరంలో ఒక పొద్దు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని అడిగినప్పుడు 'కష్టపడి చదవండి, పైకి రండి' అనే వ్యాసం ఒకటి రాద్దామని కూర్చున్నాం. అలాంటివి మేము ఇక్కడ ఉన్నప్పుడు ప్రతి సంచికలోనూ నాలుగైదు వచ్చేవి. నిజం చెప్పాలంటే వాటిని చదవకుండా బొమ్మలు చూసి వదిలేసేవాళ్లం. అందుకని దాన్ని పక్కన పెట్టి, మొన్న డిసెంబరులో లక్నవరం చెరువు మీద పడవ నడిపిన సంగతి రాస్తున్నాం.

మేము అంటే ముగ్గురం. హాస్టల్లో ఒకే పేరున్న వాళ్లు ఎక్కువ కాబట్టి ఊరి పేర్లతో పిలుచుకోవడం అలవాటు. మాకూ ఆ పేర్లే మిగిలాయి: జనగామ, మానుకోట, భూపాలపల్లి. మహబూబాబాద్‌ను మానుకోట అనకపోతే మా వాడు ఇప్పటికీ పలకడు. మేము చేరినప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న మూడు వేరు వేరు జిల్లాలయ్యాయి. మేము మాత్రం అదే గదిలో, ఒకే ట్రంకుపెట్టె, ఒకే తాళంచెవితో ఉండిపోయాం. ఇప్పుడు ముగ్గురికీ ఇరవై మూడేళ్లు. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఒకరిది ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఒకరిది ఎం.ఏ. తెలుగు, ఇంకొకరిది ఎం.కాం. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ అనేది మాతోనే మొదలు. ఈ వ్యాసం రాసింది ముగ్గురిలో ఎవరని అడగొద్దు. ఒకరు చెప్తుంటే ఒకరు కొట్టేస్తూ కలిసి రాశాం.

పరీక్షలు అయిపోయాక క్లాసులో కొందరు గోవా పోయారు. మా ముగ్గురి జేబులు కలిపి లెక్కేస్తే గోవాకు పోవడం వరకే సరిపోతుంది, తిరిగి రావడానికి లేదు. భూపాలపల్లి వాడు ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. చెరువు మీద సన్నగా, పొడుగ్గా, అరటిదొప్పలాంటి పడవ. కయాక్ అంటారట. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టులో హైదరాబాద్ వాళ్లు వారం వారం వెళ్లి నడుపుతారని విన్నాం గానీ, మన పక్కన కూడా ఉందని తెలియదు. ఈత రాకున్నా పర్వాలేదు, పక్కన గైడ్ ఉండి నేర్పిస్తాడు అన్నాడు. జనగామ వాడు వెంటనే సరే అన్నాడు. మానుకోట వాడు కాసేపు ఊరుకుని, "నేను కట్ట మీద కూసుంట. మీరు పోండ్రి" అన్నాడు.

మేము బలవంతం చేయలేదు. ఎందుకు చేయలేదో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు.

2016 మార్చి. మేము ఎనిమిదో తరగతి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. అంతకుముందు వానాకాలం సరిగా పడలేదు, ఊళ్లకు ఊళ్లు కరువు. బోరింగు దగ్గర పొద్దున్నే బకెట్ల వరస. మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఎండకు తాళలేక నలుగురం పొలాల వైపు పోయాం. అవును, అప్పుడు మేము నలుగురం. ఒక వ్యవసాయ బావి కనిపించింది. నీళ్లు ఎక్కడో అడుగున నల్లగా ఉన్నాయి. నాలుగోవాడు మెట్లు దిగి ముఖం కడుక్కొని వస్తానన్నాడు. చివరి రాయికి నాచు పట్టి ఉంది. జారాడు.

మేము ముగ్గురం గడ్డ మీద నిలబడి అరిచాం. ఒక్కరికీ ఈత రాదు. రెండుసార్లు చెయ్యి పైకి వచ్చింది. మూడోసారి రాలేదు. పక్క చెలకలోంచి మనుషులు ఉరికొచ్చేసరికి అయిపోయింది. చెరువులు నెర్రెలు బారిన ఏడాదిలో మా దోస్తు నీళ్లల్లో పోయాడు.

అతని పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లమ్మకు చదువు రాదు గానీ చెల్లెలు చదువుకుంటోంది, ఈ సంచిక ఆమె చేతికి పోవచ్చు. ఎవరినో తప్పు పట్టడానికీ రాయడం లేదు. ఆనాడు మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మ వచ్చి ముగ్గురి తలలు నిమిరి "మీరు పైలం బిడ్డా" అన్నది. తిట్టి ఉంటే బాగుండేదని ముగ్గురికీ అనిపించిందని ఇప్పుడు, ఈ వ్యాసం రాస్తుంటే తెలిసింది. ఇన్నేళ్లూ ఆ బావి మాట మా మధ్య రాలేదు. మానుకోట వాడు తొట్టి దగ్గర నిలబడి స్నానం చేయడం కూడా మానేశాడు, బకెట్ పట్టుకొని దూరం పోయేవాడు. 2014 మే 25న మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు వాళ్ల ఫోటోను పేపర్లోంచి కత్తిరించి పెట్టె మూతకు అంటించుకున్నది అతనే. కొండ భయం ఆ ఫోటోతోనే పోయింది. నీళ్ల భయం రెండేళ్ల తర్వాత వచ్చి కూర్చుంది.

పల్లెటూరి పిల్లలకు ఈత రాకపోవడమేమిటని పట్నం వాళ్లు అడుగుతారు. ఊళ్లో ఈత నేర్చుకోవాలంటే బావి కావాలి. నడుముకు బెండు కట్టి, పెద్దవాళ్లెవరో పైనుంచి నెట్టాలి. బావి భూమి ఉన్నవాళ్లది. మా ముగ్గురి ఇళ్లలోనూ భూమి లేదు. జనగామ వాడి తాత కరెంటు మోటర్లు రాకముందు మోట బొక్కెనలకు తోలు తొండాలు కుట్టేవాడు. ఆ చుట్టుపక్కల బావుల నీళ్లన్నీ ఆయన కుట్టిన తోలులోంచే పైకి వచ్చాయి. ఆ బావుల్లో దిగి ఈత కొట్టడం మాత్రం ఆయనకు గానీ ఆయన కొడుకులకు గానీ లేదు. ఏటా ఏప్రిల్ 14న మన హాస్టల్‌కు వచ్చే పెద్దలు 1927 మార్చి 20న అంబేద్కర్ గారు మహద్ చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్లు తాగిన సంగతి చెప్తారు. మేము చప్పట్లు కొట్టేవాళ్లం. తాగడం వరకే మాకు అర్థమయ్యేది. నీళ్లల్లోకి దిగడం, నీళ్లతో ఆడుకోవడం కూడా అందులో ఉందని అప్పుడు తోచలేదు.

సరే, లక్నవరం. హన్మకొండలో పొద్దున మొదటి బస్సెక్కి, ములుగు దాటి, బుస్సాపూర్ దగ్గర దిగి ఆటోలో పోయాం. ఇప్పుడది ములుగు జిల్లా, గోవిందరావుపేట మండలం. 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. అందుకని మా వాడు దారి పొడుగునా 'మా చెరువు' అంటూనే ఉన్నాడు. మానుకోట వాడు ఊరుకోలేదు. గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించిన బయ్యారం చెరువు తమదని, అక్కడి శాసనంలో కాకతీయుల వంశమే రాసి ఉందని అందుకున్నాడు. భూపాలపల్లి వాడు గణపురం, గణపసముద్రం అన్నాడు. జనగామ వాడికి చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. వాళ్ల దిక్కు చెరువులకు నీళ్లు రావాలంటే దేవాదుల పైపుల్లోంచి గోదావరి ఎక్కి రావాలి.

చెరువు చూశాక ముగ్గురం నోరు మూశాం. కాకతీయుల కాలంలో, గణపతిదేవుడి హయాంలో కట్టారు. మూడు గుట్టల సందులుంటే ఆ సందులకు మాత్రం పొట్టి కట్టలు వేసి, మిగిలిన కట్ట పని గుట్టలకే వదిలేశారు. ఇంత నీటికి ఇంత చిన్న కట్టా అనిపిస్తుంది. లోపల పదమూడు దీవులంటారు, మేము లెక్కపెట్టలేదు. దీవులకు పోవడానికి తీగల వంతెన. ఫోటోలు దిగేవాళ్లంతా అక్కడే ఉంటారు. కట్ట కింద ఇవాళ్టికీ ఈ నీళ్లతోనే వరి పండుతుంది. పొద్దున ఏడున్నరకు నీటి మీద పొగమంచు ఇంకా లేవలేదు.

మాకు నేర్పిన గైడ్ దగ్గరి ఊరి పిల్లవాడు, మాకంటే రెండేళ్లు పెద్ద ఉంటాడేమో. చేపలు పట్టే ఇల్లు. మేము అన్నా అన్నాం, తనూ మమ్మల్ని అన్నా అన్నాడు. కయాక్ ఎక్కడిదని అడిగితే, "మనది కాదే, మంచు దేశపోళ్లది" అన్నాడు. నిజమే. గ్రీన్‌లాండ్, ఉత్తర అమెరికా మంచు సముద్రాల్లో ఇనుయిట్ జనం వేట కోసం చేసుకున్న పడవ ఇది. చెట్లు లేని చోట, సముద్రం కొట్టుకొచ్చిన కట్టెతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దాని మీద సీల్ జంతువు తోలు కప్పి, చుక్క నీరు పోకుండా కుట్టేవారు. కుట్టేది ఆడవాళ్లు. ఇది విని జనగామ వాడు "అయితే మా తాతకు చుట్టాలే" అన్నాడు. మేము ఎక్కినవి ప్లాస్టిక్‌వి. కొత్తవాళ్ల కోసం చేసిన రకం, లోపల దూరి కూర్చునేది కాదు, పైన కూర్చునేది. నీళ్లు పడినా అడుగున ఉన్న రంధ్రాల్లోంచి తిరిగి పోతాయి.

ముందు లైఫ్ జాకెట్. తొడిగించి, బకిల్స్ పెట్టించి, భుజాల దగ్గర పట్టుకొని గట్టిగా పైకి లాగాడు. జనగామ వాడిది చెవుల దాకా వచ్చింది. "గిట్ల ఉంటే నువ్వు మునుగుతవ్, జాకెట్ తేలుతది" అని పట్టీలు మళ్లీ బిగించాడు. ఇది మాకు కొత్త సంగతి. జాకెట్ వేసుకుంటే చాలనుకున్నాం. ఒళ్లుకు అంటుకొని ఉండాలట.

తర్వాత తెడ్డు. కయాక్ తెడ్డుకు రెండు కొసలా ఆకులుంటాయి. దాన్ని తల మీద పెట్టుకొని మోచేతులు మూలమట్టంగా వంచితే చేతులెక్కడున్నాయో అక్కడే పట్టు. ఆకు లోతుగా ఉన్న వైపు మన దిక్కు ఉండాలి. పాదాల దగ్గర ముంచి, తుంటి దగ్గరికి రాగానే తీయాలి. ఇంకా వెనక్కి లాగితే పడవ ముందుకు పోదు, పక్కకు తిరుగుతుంది. బలం చేతులది కాదు, నడుముది. మేము చేతులతోనే లాగాం. పది నిమిషాలకే భుజాలు పట్టేశాయి. "అన్నం కలిపినట్టు కలుపుతున్నవ్ అన్నా, నడుం తిప్పు" అని వెనక నుంచి కేకలు.

జనగామ, భూపాలపల్లి ఒక జోడు పడవలో ఎక్కారు. ముందు కూర్చున్నవాడు తాళం వేయాలి, వెనకవాడు ఆ తాళానికి కలుపుతూ దారి చూసుకోవాలి. ముందు కూర్చున్నది జనగామ వాడు. ఒక తాళం కుదిరితే గదా! తెడ్లు రెండూ టకటక కొట్టుకోవడం, పడవ గుండ్రంగా తిరగడం. తిరగాలన్నప్పుడు తెడ్డును వెడల్పుగా, అర్ధచంద్రంలా తిప్పాలి. ఆపాలంటే వెనక్కి వేయాలి. మాకు ఏమీ చేయకుండానే తిరిగేది, ఏం చేసినా ఆగేది కాదు.

ఆ అవస్థలో ఒక చేపలాయన వలలు చూసుకొని వస్తున్నాడు. ఆయన పడవ థర్మాకోల్ తెప్ప. సంచుల్లో కుట్టిన థర్మాకోల్ ముక్కల మీద బాసింపట్టు వేసుకొని, చేతిలో చెక్కముక్కతో నీళ్లు తోసుకుంటూ మా పక్కనుంచి గీత గీసినట్టు పోయాడు. పోతూ పోతూ మా జాకెట్ల రంగు చూసి, "పైసలిచ్చి తెడ్డేస్తున్రా బిడ్డా?" అన్నాడు. జవాబు దొరకలేదు. ఆయన వలకు కట్టిన బెండ్లు ఎక్కడెక్కడున్నాయో గైడ్ చూపించి, అటు పోవద్దన్నాడు. అది వాళ్ల అన్నం. నీళ్లల్లో మునిగిన మోడులున్న చోటికీ పోనీయలేదు. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి కొత్తవాళ్లను పొద్దున్నే తెస్తాడట. పోయేటప్పుడు గాలికి ఎదురు పోవాలి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే తోస్తుంది. కాళేశ్వరం దిక్కు గోదావరిలో నడపొచ్చా అని భూపాలపల్లి వాడు అడిగితే, "ముందు ఈ నిలకడ నీళ్లల్ల సక్కగ పో" అన్నాడు.

అరగంటకు పడవ మా మాట వినడం మొదలైంది. ఎలా వచ్చిందో చెప్పలేం, సైకిల్ లాగానే. ఒక దీవి పక్కనుంచి తిరిగాం. గుట్టలు రెండు వైపులా దగ్గరికొచ్చాయి. తెడ్డు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కూర్చున్న చోటికి నీళ్లు జానెడు కింద. జనగామ వాడు తెడ్డు ఒళ్లో పెట్టుకొని చెయ్యి నీళ్లల్లో పెట్టాడు, చాలాసేపు తీయలేదు.

ఒడ్డుకు వచ్చాక అసలు పాఠం ఉందన్నాడు గైడ్: పడుడు. ఎప్పుడో ఒకసారి పడవ బోర్లా పడుతుంది. అందుకని ఛాతీలోతు నీళ్లల్లో తనే పక్కనుండి కావాలని పడేస్తాడు. పడితే పడవను విడవొద్దు. మనిషి తల కనబడకపోయినా పడవ దూరం నుంచి కనబడుతుంది. దాన్ని మళ్లీ తిప్పి, బొర్లా దాని మీదికి పాకి, అప్పుడు తిరిగి కూర్చోవాలి. జోడు పడవ వాళ్లు పడ్డారు, ముక్కుల్లోకి నీళ్లు పోయాయి, లేచారు, నవ్వారు.

అప్పటిదాకా గడ్డ మీద చెప్పుల కాడ కూర్చున్న మానుకోట వాడు లేచాడు. ఎవరూ పిలవలేదు. జాకెట్ తీసుకొని తనే తొడుక్కొని, గైడ్ ముందు నిలబడి భుజాలు చూపించాడు. లాగి చూడు అన్నట్టు. ఒంటి పడవ ఎక్కాడు. తెడ్డు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. గైడ్ అతని ముఖం చూసి, "ఇయ్యాల పడుడు వద్దులే అన్నా" అన్నాడు. "పడెయ్" అన్నాడు మా వాడు.

పడవ తిరిగింది. మేము చూసింది ఒక్క క్షణమే కావొచ్చు. నీళ్ల మీద ఎవరూ లేరు. మళ్లీ మేమిద్దరం గడ్డ మీద ఉన్నాం. తర్వాత ఎర్ర జాకెట్ బుడుంగున లేచింది, దాంతో పాటు తల. తలతో పాటు దగ్గు, తిట్లు. పడవను పట్టుకున్నాడు. పైకి ఎక్కలేదు. దాన్ని కావలించుకొని అలాగే ఏడ్చాడు. గైడ్ పక్కన నిలబడి పడవను పట్టుకున్నాడు, ఏమీ అడగలేదు.

టీ తాగుతూ గైడ్‌కు బావి సంగతి చెప్పింది మానుకోట వాడే. మాకు కూడా అది మొదటిసారి వింటున్నట్టే ఉంది. గైడ్ అంతా విని, మీరు దుంకకపోవుడే మంచిదన్నాడు. ఈత రానోడు దుంకితే ఒకరికి బదులు ఇద్దరు పోతారు. ఈత వచ్చినోన్ని కూడా మునిగేటోడు మెడ పట్టి కిందికి గుంజుతడు. "ఏదన్న తేలేది ఇసరాలె. మూత పెట్టిన ఖాళీ క్యాన్ అయినా సాలు. తాడుంటే తాడు, లేకుంటే తువ్వాల, కట్టె. గడ్డ మీద పండుకొని అందియ్యాలె, నిలబడొద్దు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత జనగామ వాడు మెల్లగా, "మోటరు కాడ క్యాన్లుండె" అన్నాడు.

ఉన్నాయి. ముగ్గురికీ గుర్తుంది. మోటరు గది గోడ పక్కన రెండు తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు. వాటి పక్కనే నిలబడి అరిచాం.

మాలో ఫిజిక్స్ చదివినవాడు తిరుగు బస్సులో టికెట్ వెనక లెక్క వేశాడు. ఆర్కిమెడిస్ సూత్రం మనం తొమ్మిదో తరగతిలో పది మార్కులకు బట్టీ పట్టిందే. పది లీటర్ల ఖాళీ క్యాన్ మూత బిగించి నీళ్లల్లో ముంచితే పది కిలోల నీటిని పక్కకు నెడుతుంది. క్యాన్ బరువు పోను తొమ్మిది కిలోలకు పైగా మోస్తుంది. మనిషి ఒళ్లు నీళ్లల్లో దాదాపు నీళ్లంతే తూగుతుంది కాబట్టి, తల ఒక్కటి పైన ఉండడానికి నాలుగైదు కిలోల ఆసరా చాలు. పదమూడేళ్ల పిల్లవాడికి ఇంకా తక్కువ. ఆ టికెట్ జేబులో పెట్టుకున్నాడు గానీ, 'ఇది అప్పుడే తెలిసి ఉంటే' అనే మాట ఎవరం అనలేదు. పదమూడేళ్లకు మాకు తెలియదు. తెలియజేసినవాళ్లూ లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో దాదాపు 3 లక్షల మంది నీళ్లల్లో మునిగి పోయారు. అందులో నాలుగో వంతు ఐదేళ్లు నిండని పిల్లలు. వాళ్ల పక్కన కూడా ఏదో ఒక క్యాన్ ఉండే ఉంటుంది.

మానుకోట వాడు ఇప్పుడు ఈత నేర్చుకుంటున్నాడు. బాగా రావడం లేదు. అతనే ఈ వాక్యం రాయమన్నాడు.

సంక్రాంతి సెలవులకు ముందు హాస్టల్‌కు వచ్చి, పది లీటర్ల ఖాళీ క్యాన్లు రెండు, ఇరవై మీటర్ల నైలాన్ తాడు కొని, క్యాన్ల పిడికి ముడేసి, వెనక తలుపు పక్కన మేకుకు తగిలించాం. పిల్లల చేత ఆవరణలో విసిరించి చూశాం. గేటు దాకా విసిరినవాడికి పెన్ను బహుమతి. వంట అక్క వచ్చి ఇదేంటని అడిగి, విని, ఒక క్యాన్ తనకు నూనెకు కావాలంది. ఇవ్వలేదు.

మొన్న వార్షికోత్సవం పనుల కోసం వచ్చి చూస్తే క్యాన్లు రెండూ స్నానాల దగ్గర ఉన్నాయి, మూతలు లేవు. తాడు రెండు వేపచెట్ల మధ్య కట్టి ఉంది, దాని మీద లుంగీలు, నిక్కర్లు. తమ్ముళ్లారా, కోపం లేదు, మేమైనా అదే చేసేవాళ్లం. బట్టలకు వేరే తాడు కొనిపెట్టాం, అది ఆకుపచ్చది, స్టోర్ రూమ్ కిటికీలో ఉంది. తెల్ల తాడు, మూతలున్న క్యాన్లు మళ్లీ మేకుకే తగిలించాం. ఆ ఆకుపచ్చది వాడుకోండి.